పార్సర్ ఎక్కడ ఆలస్యమవుతుంది?

గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ అనే కంప్యూటర్ ఆట మొదలవడానికి దాదాపు ఆరు నిమిషాలు పట్టేది. ఏళ్ల తరబడి ఆటగాళ్లు విసుక్కుంటూనే ఎదురుచూశారు. 2021లో ఒక ప్రోగ్రామర్ ఆ ఆరు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో చూడాలని, సోర్సు కోడ్ చేతిలో లేకపోయినా, నడుస్తున్న ప్రోగ్రాంను విప్పి పరిశీలించారు. పట్టుబడింది సుమారు 10 మెగాబైట్ల జేసన్ ఫైలు (జేసన్ అంటే డేటాను పాఠంగా రాసే ఒక ఫార్మాట్). ఆటలో కొనుక్కోగల 63,000 వస్తువుల జాబితా అది. దాన్ని చదివే కోడ్ సి భాషలోని ఎస్‌స్కాన్ఎఫ్ అనే పాత ఫంక్షన్ మీద ఆధారపడింది. ఆ ఫంక్షన్ చిన్న ముక్కను చదవమన్నా ముందుగా మిగిలిన పాఠం పొడవెంతో చివరిదాకా నడిచి కొలిచేది. అంశానికి ఒక్కసారే పిలిచారనుకున్నా, సగటున 50 లక్షల బైట్ల నడక 63,000 సార్లు, అంటే 31,500 కోట్ల బైట్లు. ఉన్నవేమో కోటి!

అది చాలదన్నట్టు, చదివిన ప్రతి వస్తువూ అంతకుముందు జాబితాలో చేరిందో లేదో మొదటినుంచి ఒక్కొక్కటిగా పోల్చి చూసేది. అవి మరో 198 కోట్ల పోలికలు. ఈ రెండూ సరిచేస్తే ఆట మొదలయ్యే సమయం రెండు నిమిషాల లోపుకు దిగింది. తయారీ సంస్థ ఆ సవరణను స్వీకరించి 10,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

మంచి పార్సర్‌కు, అంటే ఇలాంటి పాఠాన్ని చదివి ప్రోగ్రాంలోకి తెచ్చే కోడ్‌కు, 10 మెగాబైట్లు కొన్ని మిల్లీసెకన్ల పని. ఫైలు పెద్దదని, జేసన్ నెమ్మదని అనుకోవడం మనకు అలవాటైపోయింది. చాలాసార్లు నెమ్మదిగా ఉన్నది జేసన్ కాదు, చెప్పని పని కూడా చేస్తున్న కోడ్.

అసలు ఈ పని ఎందుకు అవసరమంటే, నడుస్తున్న ప్రోగ్రాంలో డేటా ఒకచోట ఉండదు. ఒక మనిషి వివరాల్లో పేరు ఒక మూల, చిరునామా ఇంకో మూల, స్నేహితుల జాబితా మరెక్కడో ఉంటాయి. వాటిని కలిపేవి మెమొరీ చిరునామాలు. ఆ చిరునామాలకు ఆ ప్రోగ్రాంలో తప్ప బయట అర్థం లేదు. కాబట్టి డిస్కులో దాచాలన్నా, ఇంకో కంప్యూటర్‌కు పంపాలన్నా మొత్తాన్ని ఒకే వరుసలో బైట్లుగా పేర్చాలి. అది సీరియలైజేషన్. అవతల ఆ వరుసను చదివి మళ్లీ పాత ఆకారంలో నిలబెట్టడం పార్సింగ్. రెండు సర్వర్లు మాట్లాడుకున్న ప్రతిసారీ ఈ మూట కట్టడం, విప్పడం జరగాల్సిందే. గూగుల్ తన డేటా కేంద్రాల పనితీరుపై 2015లో ప్రచురించిన పరిశోధనలో ఈ మూటలు కట్టి విప్పడం, బైట్లను అటూ ఇటూ కాపీ చేయడం, కుదించడం, మెమొరీ కేటాయించడం వంటి చాకిరీకి ప్రాసెసర్ సమయంలో దాదాపు నాలుగో వంతు పోతోందని తేలింది. పరిశోధకులు దానికి 'డేటాసెంటర్ పన్ను' అని పేరు పెట్టారు.

ఈ పన్ను ఎక్కడ పడుతుందో చూడాలంటే ప్రాసెసర్ స్వభావం కొంచెం తెలియాలి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గుండె సెకనుకు 300 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. సెకనుకు ఒక గిగాబైట్ చదవాలంటే ఒక్కో బైటుకు దక్కేవి మూడే స్పందనలు. మామూలు పార్సర్ ఏం చేస్తుంది? ఒక బైటును చూస్తుంది. ఇది కొటేషన్ గుర్తా? కామానా? ఫ్లవర్ బ్రాకెటా? అంకెనా? ఇలా వరుసగా ప్రశ్నలు వేసి, జవాబును బట్టి దారి మారుతుంది. నేటి ప్రాసెసర్ జవాబు కోసం ఆగదు. ఏ దారి పడుతుందో ముందే ఊహించి అటువైపు పని మొదలుపెట్టేస్తుంది. ఊహ నిజమైతే లాభమే. తప్పితే చేసిన పనంతా పారేసి వెనక్కి రావాలి, సుమారు 15 నుంచి 20 స్పందనలు వృథా. బైటుకు మూడే దక్కే చోట ఒక్క తప్పు ఊహ ఐదారు బైట్ల వాటాను మింగేస్తుంది. జేసన్‌లో తరువాత ఏం వస్తుందో ఊహించడం కష్టం కాబట్టి ఈ తప్పులు తరచుగా జరుగుతాయి. ప్రాసెసర్‌ను అలసటపెట్టేది చదవడం కాదు, అడుగడుగునా తేల్చుకోవడం.

2019లో జెఫ్ లాంగ్‌డేల్, డేనియల్ లెమీర్ వెలువరించిన సిమ్డ్‌జేసన్ అనే పార్సర్ ఈ రోగానికే మందు వేసింది. ఒకే కోర్ మీద సెకనుకు గిగాబైట్ల లెక్కన జేసన్‌ను చదవగలదని వాళ్లు చూపించారు. ఒకే ఆదేశంతో 16 లేదా 32 బైట్ల మీద ఒకేసారి పనిచేసే సౌకర్యం నేటి కంప్యూటర్ ప్రాసెసర్లలో దాదాపు అన్నిటిలో ఉంది. గ్రాఫిక్స్, శబ్దం వంటి పనులకు వాడే ఈ సౌకర్యాన్ని పాఠం చదవడానికి మళ్లించారు. 64 బైట్ల ముక్క తీసుకుని, వాటిలో కొటేషన్ గుర్తులు ఎక్కడున్నాయో ఒక్క దెబ్బతో వెతికితే, జవాబు 64 బిట్ల ఒకే సంఖ్యగా వస్తుంది. గుర్తు ఉన్న స్థానంలో 1, లేనిచోట 0. కామాలకు, కోలన్లకు, బ్రాకెట్లకు కూడా ఇలాంటి సంఖ్యలే. దారి మారడం లేదు, ఊహించడం లేదు. ఉన్నది కూడికలు, బిట్ల లెక్కలే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొటేషన్ల మధ్య ఉన్న కామా వాక్యంలోని కామా మాత్రమే, జేసన్ నిర్మాణంతో దానికి సంబంధం లేదు. కాబట్టి ఏ బైట్లు కొటేషన్ల లోపల ఉన్నాయో తెలియాలి. ఎడమనుంచి నడుస్తూ లోపల, బయట అని గుర్తుపెట్టుకుంటే మళ్లీ బైటుకో ప్రశ్న మొదటికొస్తుంది. వాళ్లు పట్టిన ఉపాయం నాకు ఈ కథ మొత్తంలోనూ అన్నిటికంటే నచ్చింది. ప్రతి స్థానంలోనూ అక్కడివరకు వచ్చిన కొటేషన్ల సంఖ్య బేసి అయితే మనం లోపల ఉన్నట్టు, సరి అయితే బయట ఉన్నట్టు. 64 స్థానాలకూ ఈ బేసి, సరి లెక్కను ఒకేసారి తేల్చాలంటే, కొటేషన్ల స్థానాలను చూపే ఆ 64 బిట్ల సంఖ్యను అన్నీ 1లే ఉన్న సంఖ్యతో 'చేతిలో మిగులు' లేకుండా గుణించాలి. అలా గుణించే ఆదేశం ప్రాసెసర్‌లో అప్పటికే ఉంది. దాన్ని పెట్టింది సందేశాలను రహస్యంగా పంపే గూఢలేఖన గణితం కోసం. జేసన్‌లో కొటేషన్లు లెక్కించడానికి అది పనికొస్తుందని పెట్టినవాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు. బ్యాక్‌స్లాష్ వెంటనే వచ్చే కొటేషన్ పాఠంలో భాగమే, దాన్ని లెక్కలోంచి తీసేయడానికి కూడా ఇలాంటి బిట్ల గారడీయే ఉంది. వరుసగా వచ్చిన బ్యాక్‌స్లాష్‌లు బేసి సంఖ్యలో ఉంటేనే ఆ కొటేషన్ చెల్లదు.

నిర్మాణం తేలాక మిగిలేవి విలువలు. పూర్ణాంకాలు సులువు. దశాంశాలు మాత్రం చూడటానికి అమాయకంగా ఉండి లోపల పాము పుట్ట. 0.1 అనే సంఖ్య కంప్యూటర్ ద్విసంఖ్యా పద్ధతిలో ఖచ్చితంగా ఇమడదు. దానికి అత్యంత దగ్గరి సంఖ్యను ఎంచుకోవాలి. 'అత్యంత' అన్న చోటే ప్రమాదమంతా ఉంది. రెండు సంఖ్యల సరిగ్గా మధ్యలో పడే విలువలకు మామూలు గుణకారం చాలదు, వందల అంకెల లెక్క అవసరం కావచ్చు. 2011లో పిహెచ్‌పి భాష 2.2250738585072011 ని 10 మైనస్ 308 ఘాతంతో గుణించిన సంఖ్యను చదవబోయి కొన్ని యంత్రాల మీద అంతులేని చక్రంలో పడిపోయేది. వెబ్ పేజీకి ఆ ఒక్క సంఖ్య పంపితే సర్వర్ నిలిచిపోవడానికి సరిపోయేది. దాదాపు అదే సంఖ్యతో జావాకూ అదే గతి పట్టింది. దశాంశాలను చదవడానికి మైకేల్ ఐజెల్ అనే ప్రోగ్రామర్ ఆలోచనను లెమీర్ మెరుగుపరిచిన పద్ధతి ఇప్పుడు గో, రస్ట్ భాషల ప్రామాణిక లైబ్రరీల్లో ఉంది. ముందే సిద్ధం చేసుకున్న పట్టికతో ఒకటి రెండు పెద్ద గుణకారాలు చేసి, జవాబుపై నమ్మకం కుదిరితే ఇచ్చేస్తుంది. అనుమానం మిగిలినప్పుడే నెమ్మదైన పాత దారి పడుతుంది. అనుమానం మిగిలే సంఖ్యలు నిజ జీవితంలో అరుదు.

ఇంతవరకు చెప్పింది బైట్లను గుర్తుపట్టడం గురించి. గుర్తుపట్టిన వాటిని ఎక్కడ పెడతామన్నది వేరే ఖర్చు, నా దృష్టిలో చాలా ప్రోగ్రాములు నష్టపోయేది ఇక్కడే. అలవాటుగా చేసేది జేసన్ మొత్తాన్ని ఒక చెట్టులా మెమొరీలో కట్టి, తరువాత దానిలోంచి మనకు కావలసిన నాలుగు ముక్కలు కోసుకోవడం. చెట్టులోని ప్రతి కొమ్మకూ మెమొరీ అడగాలి, ప్రతి పేరునూ కాపీ చేయాలి, చివరికి అన్నిటినీ పారేయాలి. రస్ట్ భాషలో దాదాపు అందరూ వాడే సెర్డే లైబ్రరీ ఈ చెట్టును పక్కన పెట్టేసింది. 2017లో 1.0 సంచికకు చేరిన ఈ లైబ్రరీ, ప్రోగ్రాంలోని డేటా రకాలకు, జేసన్ వంటి ఫార్మాట్లకు మధ్య 29 మూల రకాలతో ఒక ఒప్పందం పెట్టింది. మీ రకం ఒకవైపు, ఫార్మాట్ మరోవైపు ఆ ఒప్పందాన్ని పాటిస్తే చాలు, ఎవరినైనా ఎవరితోనైనా కలపవచ్చు. కలిపే కోడ్ ప్రోగ్రాం నడిచేటప్పుడు కాక కంపైల్ అయ్యేటప్పుడే, అంటే సోర్సు కోడ్ యంత్ర భాషలోకి మారేటప్పుడే పుడుతుంది. జావా, గో భాషల్లో సాధారణంగా వాడే లైబ్రరీలు నడిచే సమయంలో 'ఈ రకంలో ఏయే అంశాలున్నాయి' అని వెతుక్కుంటాయి. సెర్డే విషయంలో ఆ ప్రశ్నకు కంపైలర్ ముందే జవాబు రాసిపెట్టి ఉంటుంది. పార్సర్ చదివిన విలువ నేరుగా తన గూట్లోకి వెళ్లి కూర్చుంటుంది.

కాపీని కూడా మానవచ్చు. వచ్చిన బైట్లలో ఒక పేరు ఇప్పటికే ఉంది కదా, దాన్ని మళ్లీ రాసుకోవడమెందుకు, ఉన్నచోటే చూపిస్తే పోలేదా? సి భాషలో ఇలా చేస్తే, మూల బైట్లను ఎవరైనా చెరిపేశాక ఆ పేరు గాలిలో వేలాడుతుంది. రస్ట్ కంపైలర్ అరువు తెచ్చుకున్న దాని ఆయుష్షు మూలం ఆయుష్షును మించకుండా కాపలా కాస్తుంది. మించితే ప్రోగ్రాం కంపైల్ కాదు. అయితే ఒక మెలిక ఉంది. జేసన్‌లో 'తెలుగు' అనే పదాన్ని యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఉన్నదున్నట్టు రాస్తే 18 బైట్లు. కొన్ని లైబ్రరీలు, పైథాన్‌లో అలవాటుగా వచ్చేదీ అందులో ఒకటి, ఆంగ్లేతర అక్షరాలను బ్యాక్‌స్లాష్ సంకేతాలుగా మారుస్తాయి. అప్పుడు అదే పదం 36 బైట్లవుతుంది. పైగా ఆ సంకేతాలను విప్పి కొత్తచోట రాయక తప్పదు కాబట్టి అరువు కుదరదు, కాపీ తప్పదు. పంపేవాళ్లు ఒక్క అమరిక మారిస్తే తీరే ఇబ్బంది ఇది. ఎవరూ మార్చరు!

పాఠాన్నే వదిలేస్తే? గూగుల్ 2001 నుంచి లోపల వాడుకుని 2008లో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్స్ అనే ఫార్మాట్ ఆ దారిదే. అంశాల పేర్ల బదులు చిన్న నంబర్లు, అంకెల అక్షరాల బదులు నేరుగా బైట్లు. 300 అనే సంఖ్య అందులో 172, 2 అనే రెండు బైట్లుగా వెళ్తుంది. ప్రతి బైటులో ఏడు బిట్లు విలువకు, ఎనిమిదవది 'ఇంకా ఉంది' అని చెప్పడానికి. 172లోంచి ఆ 128 తీసేస్తే 44, దానికి 2 సార్లు 128 కలిపితే 300. చోటు కలిసొచ్చింది నిజమే. కానీ 'ఇంకా ఉందా' అని ప్రతి బైటునూ అడగడం ఇక్కడ మళ్లీ చొరబడింది. అందుకే బైనరీ (పాఠం కాకుండా నేరుగా బైట్లు) అన్నంత మాత్రాన వేగమని నేను నమ్మను. బాగా రాసిన జేసన్ పార్సర్ నిర్లక్ష్యంగా రాసిన బైనరీ పార్సర్‌ను ఓడించగలదు.

ప్రోటోకాల్ బఫర్స్‌పై గూగుల్‌లో పనిచేసిన కెంటన్ వార్డా 2013లో కాప్న్ ప్రోటో అనే ఫార్మాట్‌తో ఇంకో మెట్టు ఎక్కారు. పంపే బైట్లే మెమొరీలో వాడుకునే ఆకారంలో ఉంటే ఇక విప్పడానికేముంది? ప్రతి అంశం తన స్థిరమైన స్థానంలో ఉంటుంది, చిరునామాల బదులు 'ఇక్కడినుంచి ఇన్ని పదాల దూరంలో' అన్న లెక్క ఉంటుంది (ఇక్కడ పదం అంటే 8 బైట్ల ముక్క). పార్సింగ్ సమయం సున్నా కాబట్టి తమది 'అనంత రెట్లు వేగం' అని సరదాగా ప్రచారం చేసుకున్నారు. మరుసటి ఏడాది గూగుల్ ఆటల కోసం విడుదల చేసిన ఫ్లాట్‌బఫర్స్‌దీ ఇదే ధోరణి. వెయ్యి అంశాల సందేశంలో రెండు మాత్రమే కావలసినప్పుడు ఈ పద్ధతికి తిరుగులేదు. అన్నీ చదవాల్సి వస్తే లాభం తగ్గుతుంది. సున్నా అన్న పని ఎక్కడికీ పోలేదు, ఒక్కో అంశాన్ని ముట్టుకున్నప్పుడు కొంచెం కొంచెంగా జరుగుతుంది.

ఆ కొంచెంలో ముఖ్యమైనది తనిఖీ. బయటినుంచి వచ్చిన పొడవును, దూరాన్ని నమ్మితే ఏమవుతుందో 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం చూపించింది. వెబ్ సందేశాలను గూఢలేఖనంతో కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీకి వచ్చిన చిన్న సందేశం తన పొడవు 64 కిలోబైట్లని అబద్ధం చెబితే, ఆ లైబ్రరీ సరిచూడకుండా పక్కనున్న మెమొరీని కూడా కలిపి తిరిగి పంపేసేది. అందులో రహస్య తాళాలు ఉండేవి. దూరాల మీదే నిలబడిన ఫార్మాట్‌కు ఈ భయం మరింత ఎక్కువ. కాప్న్ ప్రోటోలో దూరాన్ని అనుసరించిన ప్రతిసారీ అది సందేశం హద్దు దాటలేదని చూస్తారు. అంతటితో సరిపోదు. చిన్న సందేశంలోనే వేల దూరాలను ఒకే చోటికి చూపించి, చదివేవాణ్ని అదే ముక్క చుట్టూ అంతులేకుండా తిప్పవచ్చు. అందుకని ఒక సందేశంలో ఇప్పటివరకు ఎంత చదివారో లెక్క పెడుతూ, ప్రత్యేకంగా మార్చుకోకపోతే 64 మెగాబైట్లు దాటగానే చదవడం ఆపేస్తుంది. అదే ముక్కను న్యాయంగానే మళ్లీ మళ్లీ చదివే ప్రోగ్రాంకూ ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి తరచూ కావలసిన విలువను ఒకసారి చదివి తన దగ్గర కాపీ పెట్టుకోమని ఆ లైబ్రరీ వాడేవాళ్లకు చెప్పాల్సి వస్తోంది.