ఆర్థర్ అనే పేరు మీద అపోహలు - వాస్తవాలు (కేటలాగ్ సెక్షన్ నుంచి)

నేను లైబ్రరీలో కేటలాగింగ్ చేస్తాను. పుస్తకం చేతికొచ్చాక రాసినాయన పేరు ఏ రూపంలో ఎక్కించాలి, ఏది ఇంటిపేరు ఏది సొంత పేరు, ఒకే పేరుతో నలుగురుంటే ఎవరు ఎవరు అని విడదీయడం ఎలా... పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే గొడవ. అందుకే పేర్ల మీద ఏ ఫార్వర్డ్ మెసేజ్ వచ్చినా ఫ్రెండ్స్ నాకు తోసేసి "ఇది నిజమేనా" అంటుంటారు. మే 15న కాటన్ దొర, అంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ జయంతి కదా, ఆ టైంకి ఆర్థర్ అనే పేరు మీద వరసపెట్టి వస్తాయి. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఇక్కడే రాసేస్తున్నా.

అపోహ: ఆర్థర్ అంటే "ధీరుడు, ఉదాత్తుడు" అని అర్థం.

పిల్లల పేర్ల సైట్లలో ఏ పేరు కొట్టినా ధీరుడు, వీరుడు, తేజోవంతుడు, ఈ మూడిట్లో ఏదో ఒకటి వస్తుంది, పిరికివాడు అని అర్థం ఉన్న పేరు నేనింతవరకూ ఎక్కడా చూళ్ళేదు. ఆర్థర్‌కి ఆ అర్థానికి ఆధారమేమీ లేదండి. మూలం ఏంటో పండితులు ఇప్పటికీ తేల్చలేదు, రెండు వాదాలు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఒకటి ఎలుగుబంటి వాదం. బ్రిటన్ పడమటి వైపు వేల్స్‌లో మాట్లాడే వెల్ష్ భాషలో ఎలుగుబంటిని అర్థ్ అంటారు, మగమనిషిని గూర్ అంటారు, రెండూ కలిపితే ఎలుగుబంటిలాంటి మగాడు. వినడానికి బాగుంది. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే పాత వెల్ష్ పద్యాల్లో అంత్యప్రాస దగ్గర. గూర్ అనే మాటే ఆ పేరు చివర ఉండుంటే, అదే చివర ఉన్న మాటలతో ప్రాస కలవాలి కదా, అలా ఎక్కడా కలవలేదు, కవులు ఆర్థర్‌ని ఎప్పుడూ వేరే రకం అచ్చుతో ముగిసే మాటలతోనే కలిపారు.

రెండోది రోమన్ వాదం. రోమన్లలో ఆర్టోరియస్ అని ఒక వంశనామం ఉంది, అది వెల్ష్‌లోకి వస్తే ఆ భాష రూల్స్ ప్రకారం సరిగ్గా ఆర్థర్ అనే అవుతుంది. ఆ వంశనామం ఉన్న లూసియస్ ఆర్టోరియస్ కాస్టస్ అనే సైనికాధికారి బ్రిటన్‌లో పనిచేశాడని కూడా తెలుసు, ఆయన శాసనం ఇప్పటి క్రొయేషియాలో దొరికింది. నా మొగ్గు ఇటే. అలాగని బ్రిటన్ పాత కథల్లో వీరుడైన ఆర్థర్ రాజు ఆయనే అనే డాక్యుమెంటరీలు చూసి నమ్మేయకండి. పేరు కలిసింది, అంతవరకే.

అపోహ: పార్థుడే ఆర్థర్ అయ్యాడు.

ఇది ప్రతి ఏడాదీ వస్తుంది, అర్జునుడి బొమ్మ ఒకపక్క, కత్తి పట్టుకున్న తెల్లదొర బొమ్మ ఒకపక్క పెట్టి. పార్థుడంటే పృథ కొడుకు, పృథ అంటే కుంతి, ఆ మాటకీ దీనికీ ఏ సంబంధం లేదు. రెండు మాటలు చెవికి ఒకలా వినపడినంత మాత్రాన చుట్టాలైపోతే చీరాలకీ చీరకీ కూడా చుట్టరికం కలపొచ్చు.

నిజమైన చుట్టరికం ఒకటుంది, దాన్ని మాత్రం ఎవ్వరూ ఫార్వర్డ్ చెయ్యరు. సంస్కృతంలో ఎలుగుబంటిని ఋక్షం అంటారు కదా, జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం, ఆ ఋక్షమూ గ్రీకులో ఆర్క్టోస్ అనే మాటా లాటిన్‌లో ఉర్సుస్ అనేదీ వెల్ష్ అర్థ్ అనేదీ నాలుగూ ఒకే పాత మాట నుంచి విడిపోయినవి, భాషాశాస్త్రంలో దీనిమీద గొడవే లేదు. అంటే ఆ ఎలుగుబంటి వాదమే గనక నిజమైతే ఆర్థర్‌కి మనవైపు చుట్టం అర్జునుడు కాదు, జాంబవంతుడు! ఇంకోటి కూడా చెప్పాలి. మనం స్వాతి అనే నక్షత్రాన్ని వాళ్ళు ఆర్క్టురస్ అంటారు, గ్రీకులో దానర్థం ఎలుగుబంటి కాపరి, ఎందుకంటే మనం సప్తర్షులు అనే గుంపుని వాళ్ళు పెద్ద ఎలుగుబంటి అన్నారు, ఆ నక్షత్రం దాని వెనకే తిరుగుతుంది. ఆర్థర్ పేరుకి ఇది కూడా మూలం కావచ్చని కొందరన్నారు గానీ పెద్దగా నిలబడలేదు.

అపోహ: ఆర్థర్ ఇంగ్లిష్ వాళ్ళ రాజు, కాబట్టి అది అచ్చమైన ఇంగ్లిష్ పేరు.

తిరగేసి చెప్తున్నారు. కథ ప్రకారం ఆయన పోట్లాడిందే శాక్సన్ల మీద, అంటే ఇంగ్లిష్ వాళ్ళ పూర్వీకుల మీద. ఆయన బ్రిటన్ల తరఫు మనిషి, ఇప్పటి వెల్ష్ వాళ్ళ పూర్వీకుల వైపు. ఎడ్వర్డ్, ఆల్ఫ్రెడ్ లాంటివి పాత ఇంగ్లిష్ పేర్లు, ఆర్థర్ ఆ గుంపులోది కాదు, ఓడిపోయిన వాళ్ళ హీరో పేరుని గెలిచినవాళ్ళు తర్వాత సొంతం చేసేసుకున్నారు.

అసలు అలాంటి మనిషి ఉన్నాడా అంటే, ఆరో శతాబ్దంలో గిల్డాస్ అనే సన్యాసి బేడన్ కొండ యుద్ధం గురించి రాశాడు కానీ ఆర్థర్ అనే మాటే ఎత్తలేదు. సుమారు 830 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన ఒక బ్రిటన్ల చరిత్రలో పన్నెండు యుద్ధాలు ఆయన పేరు మీద ఉన్నాయి, అందులో కూడా రాజు అని లేదు, యుద్ధాల నాయకుడు అనే ఉంది. కిరీటం పెట్టి, తండ్రినీ మెర్లిన్ మంత్రగాణ్ణీ చేర్చి పూర్తి కథ అల్లింది 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్. ఆర్థర్ రాజు తన వీరులతో కూర్చునేదని చెప్పే గుండ్రబల్ల ఆ తర్వాత 1155లో వేస్ అనే ఆయన ఫ్రెంచి పద్యాల్లో మొదటిసారి కనపడుతుంది. 1191లో గ్లాస్టన్‌బరీ మఠం సన్యాసులు ఆర్థర్ సమాధి దొరికిందని ప్రకటించారు, అంతకు ఏడేళ్ళ ముందే వాళ్ళ మఠం కాలిపోయింది, కట్టడానికి డబ్బులు కావాలి... మిగతాది మీరే అర్థం చేసుకోండి.

అపోహ: ఆర్థర్ పేరుతో ఇంగ్లండ్‌ని చాలామంది రాజులు ఏలారు.

ఒక్కరూ లేరు. హెన్రీలు ఎనిమిదిమంది, ఎడ్వర్డులు ఎనిమిదిమంది, చార్లెసులు ముగ్గురు, ఆర్థర్ సున్నా. దగ్గరదాకా వచ్చి పోయినవాళ్ళు మాత్రం ఇద్దరున్నారు, ఇద్దరి కథా విషాదమే.

మొదటివాడు ఫ్రాన్స్ వైపు బ్రిటనీకి చెందిన ఆర్థర్, 1187లో పుట్టాడు, రెండో హెన్రీకి మనవడు. 1199లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్ చనిపోయినప్పుడు సింహాసనానికి హక్కుదారు ఈ పిల్లాడా, బాబాయి జానా అని పేచీ వచ్చింది. జాన్ గెలిచాడు, 1202లో పిల్లాణ్ణి పట్టుకుని బంధించాడు, 1203లో రువాన్ కోటలో ఉన్నవాడు మళ్ళీ ఎవరికీ కనపళ్ళేదు. బాబాయే చంపించాడని అప్పట్నుంచీ అందరూ అనుకునేదే.

రెండోవాడు ట్యూడర్ ఆర్థర్. ఈయన పేరు వెనక పక్కా ప్లానింగ్ ఉంది. వాళ్ళ నాన్న ఏడో హెన్రీ 1485లో యుద్ధం చేసి గద్దెనెక్కాడు, హక్కు అంత బలమైనదేం కాదు, పైగా వెల్ష్ మూలాలు. అదే ఏడాది ఆర్థర్ రాజు కథల పుస్తకం లండన్‌లో అచ్చయింది. హెన్రీ ఏం చేశాడంటే, నిండు గర్భిణిగా ఉన్న రాణిని వించెస్టర్‌కి పంపించాడు, ఎందుకంటే ఆర్థర్ రాజు కోట కామెలాట్ అంటే అదేనని అప్పట్లో జనం నమ్మేవాళ్ళు, అక్కడి హాల్లో గుండ్రబల్ల అని చెప్పే పెద్ద చెక్క బల్ల కూడా ఉంది (ఇప్పటికీ గోడకి వేలాడుతూనే ఉంది, చెక్కని పరీక్షిస్తే పదమూడో శతాబ్దందని తేలింది). 1486 సెప్టెంబర్‌లో అక్కడే కొడుకు పుట్టాడు, ఆర్థర్ అని పెట్టారు. ఇంత చేస్తే, 1501 నవంబర్‌లో స్పెయిన్ రాకుమారి కేథరిన్‌తో పెళ్ళయింది, 1502 ఏప్రిల్లో లడ్లో కోటలో పోయాడు, పదిహేనేళ్ళు. ఆ వితంతువుని తమ్ముడు చేసుకున్నాడు, ఆ తమ్ముడే ఎనిమిదో హెన్రీ, ఆ పెళ్ళి రద్దు దగ్గరే రోమ్‌తో తెగతెంపులు, ఇంగ్లండ్ చర్చి వేరుపడటం, మొత్తం అదంతా. ఆ పిల్లాడు బతికుంటే చరిత్ర ఎటు పోయేదో!

ఆ తర్వాత రాజకుటుంబంలో ఈ పేరు ఎక్కువగా మధ్యలోనే ఉండిపోయింది. ఆరో జార్జి పూర్తి పేరు ఆల్బర్ట్ ఫ్రెడరిక్ ఆర్థర్ జార్జి, ఇప్పటి రాజు చార్లెస్ ఫిలిప్ ఆర్థర్ జార్జి, కొడుకు విలియం ఆర్థర్ ఫిలిప్ లూయీ. ముందుకి మాత్రం తీసుకురావట్లేదు.

అపోహ: కథల్లో రాజు ఉన్నాడు కాబట్టి ఇది మొదట్నుంచీ పాపులర్ పేరే.

మా ఫీల్డ్‌లో నేను పదేపదే చెప్పేది ఇదే: పేరుకి అర్థం ఏంటని కాదు, ఎవర్ని చూసి పెట్టారని అడగండి. ఇంగ్లండ్‌లో చాలాకాలం ఆర్థర్ అంత వాడుక పేరేం కాదు. దాన్ని ఫ్యాషన్ చేసింది ఆర్థర్ వెల్లెస్లీ, మనకి తెలిసిన లెక్కలో చెప్పాలంటే 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో నిజాం దళంతో వచ్చినాయన, 1803 సెప్టెంబర్‌లో అస్సయే దగ్గర మరాఠాల్ని ఓడించినాయన, తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయి, వాటర్లూ యుద్ధంలో నెపోలియన్‌ని ఓడించినాయన. ఆయనకి ఆ పేరు కత్తి పట్టుకున్న రాజుని చూసి వచ్చింది కాదు, అమ్మ తరఫు తాతగారి పేరు ఆర్థరే.

ఆయన తర్వాత చూడండి. 1848లో పుట్టిన బాల్ఫోర్, తర్వాత ప్రధానమంత్రి అయినాయన, వెల్లింగ్టన్ ఆయనకి జ్ఞానతండ్రి (బాప్టిజం అప్పుడు పిల్లాడి బాధ్యత తీసుకునే పెద్ద), పేరు అలా వచ్చిందే. 1850 మే 1న విక్టోరియా రాణికి ఏడో సంతానం పుట్టాడు, సరిగ్గా ఆరోజే డ్యూక్ ఎనభై ఒకటో పుట్టినరోజు, ఇంకేముంది, ఆర్థర్ అనే పెట్టి ఆయన్నే జ్ఞానతండ్రిని చేశారు. పిల్లాడి మొదటి పుట్టినరోజుకి వేసిన ఒక పెయింటింగ్ ఉంది, అందులో ముసలి డ్యూక్ మోకరిల్లి తల్లి ఒళ్ళో ఉన్న పసివాడికి పెట్టె ఇస్తుంటాడు. రాణి కొడుక్కి పెట్టాక ఊరంతా పెడతారు కదా. టెన్నిసన్ అనే కవి ఆర్థర్ రాజు కథల్ని పద్యాలుగా రాయడం కూడా ఆ కాలంలోనే. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త డోయల్ 1859, గ్రహణం ఫొటోలతో ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించి ఆ తర్వాత మన శాస్త్రవేత్త చంద్రశేఖర్‌తో పేచీ పెట్టుకున్న ఎడింగ్టన్ 1882, శ్రీలంకలో స్థిరపడ్డ సైన్స్ ఫిక్షన్ రచయిత క్లార్క్ 1917... అందరూ ఆ వేవ్‌లోనే. తర్వాత తాతల పేరైపోయి మూలపడింది, మళ్ళీ 2018 లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో మగపిల్లల టాప్ 10లోకి వచ్చింది, 1920ల తర్వాత అదే మొదటిసారి.

మన కాటన్ దొరకి వెల్లింగ్టన్ పేరు పెట్టారని కూడా ఒక మెసేజ్ తిరుగుతుంది. కాటన్ పుట్టింది 1803 మే. అప్పటికి అస్సయే యుద్ధమే జరగలేదు, వెల్లింగ్టన్ అనే బిరుదు ఇంకో ఆరేళ్ళకి గానీ రాలేదు. తేదీలు చూసుకుంటే చాలు.

అపోహ: గౌరవంగా చెప్పాలంటే "సర్ కాటన్" అనాలి.

బ్యానర్ల మీద, స్కూల్ వ్యాసాల్లో, ఆఖరికి పుస్తకాల అట్టల మీద కూడా ఇదే, చూసినప్పుడల్లా నాకు చెయ్యి దురద పెడుతుంది. బ్రిటిష్ పద్ధతిలో సర్ అనేది సొంత పేరుకే తగులుతుంది, ఇంటిపేరుకి కాదు. 1861లో బిరుదు వచ్చాక ఆయన సర్ ఆర్థర్ కాటన్, క్లుప్తంగా సర్ ఆర్థర్. ఉత్త కాటన్ అనొచ్చు, కాటన్ దొర అనొచ్చు, గోదావరి జిల్లాల్లో అందరం అనేదీ అదే, సర్ కాటన్ మాత్రం కుదరదు. మన పేరుతో చూస్తే సులువుగా తెలుస్తుంది. రాధాకృష్ణన్‌గారికి 1931లో అదే బిరుదు వచ్చింది, సర్ రాధాకృష్ణన్ అంటే ఓకే, సర్ సర్వేపల్లి అంటే ఎలా ఉంటుంది?

కేటలాగ్‌లో మాత్రం ఉల్టా, ఇంటిపేరు ముందు. ధవళేశ్వరం ఆనకట్ట మీద ఆయన రాసినవి వెతకాలంటే ఆ అక్షరాల వరసలో ఆర్థర్ దగ్గర కాదు, కాటన్ దగ్గర చూడాలి. ఎక్కువమంది తప్పేది కానన్ డోయల్ దగ్గర. కానన్ డోయల్ మొత్తం ఇంటిపేరనుకుంటారు, బాప్టిజం రిజిస్టర్లో ఆర్థర్ ఇగ్నేషియస్ కానన్ వరకూ సొంత పేరు, ఇంటిపేరు ఉత్త డోయల్. మేం డోయల్ కిందే ఎక్కిస్తాం. ఇక అమెరికా అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ దగ్గర ఆర్థరే ఇంటిపేరు, కాబట్టి ఆయన్ని ఆర్థర్ దగ్గరే వెతకాలి.

అపోహ: ముంబై ఆర్థర్ రోడ్ జైలు ఆ రాజు పేరో, వెల్లింగ్టన్ పేరో.

రెండూ కాదు. 1840ల్లో బొంబాయి గవర్నరుగా చేసిన జార్జ్ ఆర్థర్ పేరు అది, ఇక్కడా ఇంటిపేరే. ఆస్ట్రేలియాలో టాస్మానియా దీవిలో ఖైదీల్ని ఉంచిన పోర్ట్ ఆర్థర్ కూడా ఆయనదే, ఇక్కడికి రాకముందు అక్కడ గవర్నర్. చైనాలో ఇంకో పోర్ట్ ఆర్థర్ ఉండేది, దానికి విలియం ఆర్థర్ అనే నౌకాదళం అధికారి పేరు పెట్టారు. సొంత పేరు ఆర్థర్ అయిన మనిషి మీద మన దేశంలో బాగా తెలిసిన చోటు కావాలంటే ఢిల్లీ వెళ్ళాలి: విక్టోరియా ఏడో సంతానం ఉన్నాడే, ఆయనే పెద్దయ్యాక కన్నాట్ డ్యూక్, 1921లో వచ్చి పాత పార్లమెంటు భవనానికి శంకుస్థాపన చేసింది ఆయనే, కన్నాట్ ప్లేస్ పేరు ఆయనదే. చూశారుగా, అక్కడ కూడా బిరుదే మిగిలింది, ఆర్థర్ అనే ముక్క బోర్డు మీద లేదు.