పిల్ల చేప తినడం లేదా? ముందు మేత డబ్బా మూసేయండి

బరంపురంలో రంగు చేపలు అమ్మడం మొదలుపెట్టి 18 ఏళ్లయింది. ఈ మాట వినని వారం లేదు: "బాబూ, చేప తినడం లేదు, అందుకే ఇంకాస్త మేత వేశాను." చేపలను చంపుతున్నది ఆ "ఇంకాస్త" మేతే.

అపోహ: తినకపోతే ఆకలితో చచ్చిపోతుంది.

వాస్తవం: అంగుళంన్నర గోల్డ్ ఫిష్ పిల్ల ఆరోగ్యంగా ఉంటే రెండు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. కొత్త చోటు బెదురుకే మొదటి రోజు మేత ముట్టదు. మీరు వేసిన గుళికలు అడుగున కుళ్లి అమ్మోనియా అనే విషం పుడుతుంది. పాత తొట్టి అయితే ఫిల్టర్ స్పాంజిలోని బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు కావాలి. నిన్న కొన్న తొట్టిలో అది ఎక్కడుంటుంది? అమ్మోనియాకు మొప్పలు దెబ్బతిని, ఊపిరాడక చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది. ఆకలి అనుకుని మీరు మరో చిటికెడు వేస్తారు!

మేత ఒక రోజు ఆపండి. అడుగున మిగిలినది తీసేసి, క్లోరిన్ పోగొట్టిన నీటితో పావు వంతు మార్చండి. మొత్తం పారబోయకండి. స్పాంజిని కుళాయి కింద పిండకండి, తొట్టి నీటిలోనే జాడించండి. మర్నాడు నుంచి రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫిల్టర్లు, ఎయిర్ పంపులు అన్నీ ఆగిపోయాయి. నేను మేత పూర్తిగా మానేసి, మగ్గుతో నీళ్లు పైకెత్తి పోస్తూ కూర్చున్నాను. చాలా వరకు బతికాయి. మా వీధి కుర్రవాడు మాత్రం చేపలు భయపడ్డాయని మూడు పూటలా మేత వేశాడట. మూడో రోజు చచ్చిన చేపలను స్టీలు గిన్నెలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కోప్పడడానికి నాకు నోరు రాలేదు. అప్పటిదాకా ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

ఈ పస్తు అప్పుడే పుట్టిన పిల్లలకు వర్తించదు. గప్పీ చేప పిల్లలకు మెత్తటి మేత పొడి రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా వేయాలి. ఫైటర్ చేప (బెట్టా) పిల్లలకు ఆ పొడి కూడా పెద్దదే. మొదట ఇన్ఫ్యుసోరియా (నీటిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న జీవులు), తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య లాంటి జీవి) ఇవ్వాలి.

కోరాపుట్, జయపురం నుంచి చలికాలంలో ఫోన్లు వస్తాయి. అక్కడి చలికి ఫైటర్ తినదు, హీటరు పెట్టండి. అన్నం మెతుకులు, బిస్కెట్ ముక్కలు వద్దు. చేప ఒంటి మీద తెల్ల చుక్కలు వచ్చే జబ్బుకు నీళ్లలో పసుపు కలపమని ఫోన్లలో తిరిగే మాట అసలే నమ్మకండి.

ఇంత చేసినా తినకపోతే చేపను కవర్లో వేసుకుని పరుగెత్తుకు రాకండి. తొట్టి నీళ్లు ఒక సీసాలో తీసుకురండి. ముందు వాటినే పరీక్షిస్తాను.