రన్, స్టార్ట్, ఇంటరప్టెడ్: థ్రెడ్ మెథడ్ల పేర్ల వెనక కథ

జావాలో థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) కొత్తగా నేర్చుకునేవాళ్ళు తరచూ కొత్త థ్రెడ్‌ని మొదలుపెట్టే స్టార్ట్ మెథడ్ బదులు రన్ అని పిలిచేస్తారు. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ నడుస్తుంది, రిజల్ట్ కూడా కరెక్టే, కానీ కొత్త థ్రెడ్ పుట్టదు, పనంతా పిలిచిన థ్రెడ్ మీదే అయిపోతుంది. నేనూ ఈ తప్పుతో ఒక పూటంతా పోగొట్టుకున్నా, స్పీడ్ ఎందుకు పెరగట్లేదా అని వేరే ఎక్కడెక్కడో వెతుకుతూ. దీన్ని నేర్చుకునేవాడి తప్పు అనేస్తారు గానీ, రెండు పేర్లూ ఒకే అర్థంలా వినబడేటప్పుడు తప్పు పేర్లదే అని నా నమ్మకం.

ఈ తలనొప్పి జావాతో మొదలవలేదు. 1960ల్లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా సెమాఫోర్ (ఒకేసారి ఎన్ని పనులు ముందుకెళ్ళొచ్చో లెక్కపెట్టే కౌంటర్) తెచ్చినప్పుడు దాని రెండు ఆపరేషన్లకి పీ, వీ అని ఒక్కో అక్షరమే పెట్టాడు. వీ అంటే డచ్‌లో వెర్హోగెన్, పెంచడం. పీ కోసమైతే "తగ్గించడానికి ప్రయత్నించు" అన్న మాటల్ని కలిపి ప్రోలాగ్ అని డచ్‌లో కూడా లేని మాట పుట్టించాడు. డచ్ రాని వాళ్ళకి ఇవి ఉత్త అక్షరాలు, అందుకే తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు పెట్టారు: లినక్స్ కెర్నల్‌లో డౌన్, అప్, పోసిక్స్ అనే యూనిక్స్ స్టాండర్డ్‌లో వెయిట్, పోస్ట్, జావాలో ఎక్వైర్, రిలీజ్. నాకు చివరి జోడీయే నచ్చుతుంది, ఎందుకంటే లోపల కౌంటర్ ఏమవుతుందో కాదు, పిలిచినవాడికి ఏం దక్కుతుందో చెప్తుంది.

జావాలో మరీ ఇబ్బంది పెట్టేది ఇంటరప్టెడ్. ఈజ్‌ఇంటరప్టెడ్ అని ఇంకోటి ఉంది, అది థ్రెడ్‌ని ఆగమని అడిగారా లేదా అని చెప్పే ఫ్లాగ్‌ని చూసి ఊరుకుంటుంది. ఇంటరప్టెడ్ మాత్రం చూసి, చెరిపేస్తుంది కూడా. అంటే లాగ్‌లో ప్రింట్ చేద్దామని ఒకసారి పిలిచి, కింద ఇఫ్‌లో మళ్ళీ పిలిస్తే మొదటిసారి ట్రూ, రెండోసారి ఫాల్స్, ఇక ఆగాల్సిన లూప్ ఆగదు. ఆ చెరిపే పని పేరులో ఎక్కడా లేదు.

2004లో జావా 5తో వచ్చిన బ్లాకింగ్‌క్యూలో (థ్రెడ్లు ఒకదానికొకటి డేటా అందించుకునే క్యూ) ఇంకో రకం చిక్కు. క్యూ నిండిపోయి ఉంటే యాడ్ ఎక్సెప్షన్ విసురుతుంది, ఆఫర్ ఫాల్స్ ఇస్తుంది, పుట్ ఖాళీ దొరికేదాకా ఆగుతుంది. ఆఫర్ ఒక్కటే కాస్త హింట్ ఇస్తుంది, మిగతావి బట్టీ పట్టాల్సిందే. కాంకరెన్సీలో, అంటే ఇలా ఒకేసారి చాలా పనులు నడిపే కోడ్‌లో, చదివేవాడికి మొదట కావాల్సింది ఈ లైన్ దగ్గర నా థ్రెడ్ ఆగుతుందా ఆగదా అన్నదే, అది చెప్పని పేరు ఎంత చిన్నగా అందంగా ఉన్నా నాకు వద్దు.

పైథాన్‌కి వేరే దెబ్బ తగిలింది. దాని ఎసింక్ఐఓ లైబ్రరీలో ఎసింక్ అనే ఫంక్షనే ఉండేది, అదే మాట కీవర్డ్ (భాష తనకే అట్టిపెట్టుకునే మాట) కాబోతోందని 3.4.4లో ఎన్ష్యూర్‌ఫ్యూచర్ అని మార్చారు, 2018లో 3.7 వచ్చేసరికి పాత పేరుతో రాసిన కోడ్ సింటాక్స్ ఎర్రరే. అదే పైథాన్‌లో ట్రయో లైబ్రరీ వాళ్ళు కొత్త పని మొదలుపెట్టే మెథడ్‌కి స్టార్ట్‌సూన్ అని పెట్టారు: ఇప్పుడే మొదలవదు, కాసేపట్లో అవుతుంది, నువ్వు ముందుకెళ్ళు అని మొత్తం రెండు మాటల్లో చెప్పేశారు.

స్విఫ్ట్ భాష టీమ్, టాస్క్ గ్రూప్‌కి కొత్త పని చేర్చే మెథడ్ పేరుని రిలీజ్‌కి ముందే మార్చుకుంటూ వచ్చి, 2021లో 5.5 నాటికి యాడ్‌టాస్క్ దగ్గర ఆగారు. ముందే ఎందుకంత పట్టుబట్టాలంటే, బయటికెళ్ళిన పేరుని వెనక్కి లాగడం మామూలు పని కాదు. థ్రెడ్‌ని సగంలో చంపి డేటాని పాడుచేసే స్టాప్ మెథడ్‌ని, పేరు చూస్తే ఏ అపాయమూ లేనట్టుండే దాన్ని, వాడొద్దని జావా 1998లోనే చెప్పింది. పిలిస్తే పనిచేయకుండా ఎక్సెప్షన్ విసరడం మొదలైంది 2023లో, జావా 20లో.