180 రోజుల లాగ్‌లకు కోత పడుతున్నది ఎక్కడ?

గచ్చిబౌలి, మాదాపూర్ ఐటీ కార్యాలయాల్లో స్ప్లంక్ ఇండెక్స్ సైజు పేచీ మళ్లీ రాజుకుంది. కంప్యూటర్లలో జరిగే పనుల నమోదులే లాగ్‌లు. వాటిని దాచి, వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ స్ప్లంక్, అందులో లాగ్‌లు ఉండే అర ఇండెక్స్. డిస్కులు నిండుతున్నాయి, పాత ఇండెక్సుల సైజు పరిమితి తగ్గించాలని స్టోరేజీ బృందాలు అంటున్నాయి. ఉన్నదే చాలడం లేదు, పెంచాలని భద్రతా బృందాలు పట్టుబడుతున్నాయి. స్ప్లంక్‌ను క్లస్టర్‌గా, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపుగా నడుపుతారు. ఈ గొడవ మూలం 2022 ఏప్రిల్ 28లో ఉంది.

లాగ్‌లను 180 రోజులు భద్రంగా ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది ఆ రోజే. చిన్న, మధ్యతరహా సంస్థలకు గడువును తర్వాత సెప్టెంబరు 25 దాకా పొడిగించారు. ఆ హడావుడిలో చూపంతా లాగ్‌లు ఉంచే కాలపరిమితి మీదే నిలిచింది. స్ప్లంక్‌లో అది డిఫాల్టుగా (ఎవరూ మార్చకపోతే) 18,86,97,600 సెకన్లు, అంటే దాదాపు ఆరేళ్లు. ఇక 180 రోజులకు ఢోకా ఏముంది?

ఢోకా సైజు పరిమితిలో ఉంది. కాలం, సైజు రెండింటిలో ఏది ముందు నిండితే అదే అమలవుతుంది. ఇండెక్స్ సైజు డిఫాల్టు 5,00,000 ఎంబీ, సుమారు 488 జీబీ. ఒక సర్వర్‌లో ఆ ఇండెక్స్ రోజుకు 5 జీబీ పెరిగితే 100 రోజులు నిండకముందే అయిపోతుంది. ఆపైన అన్నిటికన్నా పాత బకెట్, అంటే లాగ్‌ల మూట, ఫ్రోజెన్ దశకు, అంటే ఇండెక్స్‌లోంచి తీసేసే దశకు చేరుతుంది. ఆర్కైవ్ దారి, అంటే దాన్ని విడిగా దాచే చోటు, సెట్టింగుల్లో రాసి ఉండకపోతే చెరిగిపోతుంది. ఐదు నెలల నాటి చొరబాటు ఆనవాళ్లు వెతికే విశ్లేషకుడికి అప్పుడు ఖాళీ తెరే మిగులుతుంది. భద్రతా బృందాల ఆందోళన ఇదే, అది పూర్తిగా న్యాయమైనది.

స్టోరేజీ వారి వాదనలోనూ నిజముంది. ఈ పరిమితి క్లస్టర్ మొత్తానికి కాదు, ఒక్కో సర్వర్‌కు వర్తిస్తుంది. వేరే సర్వర్ల లాగ్‌లకు రక్షణగా ఉంచే రెప్లికేషన్ ప్రతులూ అందులోనే లెక్క. పది సర్వర్లుంటే పెంచిన ప్రతి జీబీకీ పది జీబీల చోటు సిద్ధంగా ఉంచాలి.

అయితే ఖర్చు పెరిగితే డిస్కులు కొనవచ్చు, తగ్గింపు మాత్రం వెనక్కి రాదు. కొత్త సెట్టింగు అమల్లోకి రాగానే పరిమితి దాటిన పాత బకెట్లు పోతాయి. ఒక సర్వర్‌లో బకెట్ ఫ్రోజెన్ అయితే, పోయిన ఆ ప్రతికి బదులు మరొకటి చేయించే పనిని క్లస్టర్‌ను నడిపే మేనేజర్ సర్వర్ ఆపేస్తుంది. మర్నాడు అంకె పెంచినా పోయినవి తిరిగి రావు.

తగ్గించక తప్పదంటే ముందు ఆర్కైవ్ దారి పెట్టాలి, ప్రతి సర్వర్‌లో అన్నిటికన్నా పాత బకెట్ తేదీ చూడాలి, ఆ తర్వాతే మేనేజర్ నుంచి కొత్త సెట్టింగుల బండిల్ పంపాలి. సైజు అంకె ఒక్కటే మార్చే ప్రతిపాదనపై భద్రతా బృందం సంతకం పెట్టకూడదు.