ప్రభుత్వ శాఖలో నివేదికల డెవలపర్: అపోహలు - వాస్తవాలు

సమీక్ష సమావేశాలకు, శాసనసభ ప్రశ్నలకు, కేంద్రానికి పంపవలసిన ప్రొఫార్మాలకు కావలసిన అంకెలను డేటాబేసుల నుంచి తీసి నివేదికలుగా మలచడం మా పని. వైద్య ఆరోగ్య శాఖలో ఈ పని చేస్తున్న నాకు, దీని గురించి బయటివారిలోనే కాక శాఖలోని అధికారులలోనూ కొన్ని అపోహలు బలంగా పాతుకుపోయి కనిపిస్తాయి. అంకె తేడా వచ్చిందంటే ప్రోగ్రాములో లోపం ఉందనో, కింది ఉద్యోగి అబద్ధం రాశారనో అనుకుంటారు. చాలా సందర్భాల్లో కారణం వేరు: దేన్ని, ఎక్కడ, ఏ తేదీ నాటికి లెక్కించాలో ముందుగా ఎవరూ తేల్చలేదు.

అపోహ: డేటా కంప్యూటర్లోనే ఉంది కాబట్టి నివేదిక తీయడం గంట పని.

క్వెరీ (డేటాబేసు నుంచి అంకెలు తీసే ఆదేశం) రాయడం గంట పనే కావచ్చు, కానీ అంతకు ముందు జరగవలసినదే అసలు పని. ‘ఈ మండలంలో ఆసుపత్రి కాన్పులు ఎన్ని?’ అనే మామూలు ప్రశ్ననే తీసుకోండి. మన దగ్గర తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళ్లడం ఆనవాయితీ. గర్భిణిగా ఆమె పేరు అత్తవారి ఊరి ఏఎన్‌ఎం దగ్గర నమోదవుతుంది. నెలలు నిండే వేళకు ఆమె పుట్టింట్లో ఉంటుంది. కాన్పు అక్కడి పీహెచ్‌సీలోనో, ఇబ్బంది ఉందని తెలిస్తే జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలోనో జరుగుతుంది. ఆ ఒక్క కాన్పును మూడు మండలాలలో దేని ఖాతాలో రాయాలి? నమోదైన గర్భిణులందరికీ సేవలు చివరిదాకా అందాయా అని చూడదలచుకుంటే అత్తవారి మండలంలో రాయాలి. ఏ ఆసుపత్రికి ఎంత మంది సిబ్బంది, ఎంత రక్తం, ఎన్ని మంచాలు కావాలో అంచనా వేయాలంటే కాన్పు జరిగిన చోట రాయాలి. మొదటి కొన్ని నెలలు బిడ్డకు టీకాలు ఎవరు వేయాలో తెలియాలంటే తల్లి పుట్టిల్లు ఉన్న ఊరు కావాలి. మూడూ సరైన జవాబులే, అయితే మూడు వేర్వేరు ప్రశ్నలకు.

ఇది తేల్చకుండా అత్తవారి మండలాల్లో నమోదైన గర్భిణుల సంఖ్యతో ఆసుపత్రిలో జరిగిన కాన్పులను భాగిస్తే, పెద్దాసుపత్రి ఉన్న పట్టణంలో శాతం నూరు దాటిపోతుంది, దూరాన ఉన్న ఏజెన్సీ మండలంలో ఉన్నదానికంటే బాగా తగ్గి కనిపిస్తుంది. ఆ నివేదిక వీడియో కాన్ఫరెన్సులో తెరమీదికి వచ్చినప్పుడు, తన పరిధిలోని ప్రతి గర్భిణినీ భద్రంగా ఆసుపత్రికి చేర్చిన వైద్యాధికారి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. అందుకే ఏ అంకె అడిగినా, దానితో మీరు ఏం నిర్ణయించబోతున్నారని మేము ముందుగా అడగాలి. అలా అడగడాన్ని జాప్యంగా చూసే అధికారులు ఉన్నారు. అయినా అడగాలనే నేను అంటాను.

అపోహ: రెండు పోర్టళ్ల అంకెలు కలవకపోతే ఒకటి అబద్ధం.

2008లో మొదలైన ఆరోగ్య సమాచార వ్యవస్థ హెచ్‌ఎంఐఎస్‌లో ప్రతి ఆరోగ్య కేంద్రం తాను అందించిన సేవల మొత్తాలను నెలనెలా నమోదు చేస్తుంది. తల్లీబిడ్డల ఆరోగ్యానికి సంబంధించిన ఆర్‌సీహెచ్ పోర్టల్ అయితే ఒక్కొక్క గర్భిణినీ, ఒక్కొక్క బిడ్డనూ పేరుతో నమోదు చేసి వెంట నడుస్తుంది. మొదటిది సేవలను లెక్కిస్తుంది, రెండోది మనుషులను లెక్కిస్తుంది. ఒకే గర్భిణి రెండు చోట్ల పరీక్ష చేయించుకుంటే మొదటి దానిలో ఆమె రెండుసార్లు కనిపించవచ్చు. ఈ రెండింటినీ ‘టాలీ’ చేయమని ఒత్తిడి వస్తే, కింద కూర్చున్న ఆపరేటరు ఒక పోర్టల్ చూసి రెండో దానిలో అంకె దిద్దుతారు. ఆ క్షణం నుంచి రెండూ పనికిరాని డేటానే. తేడాను తేడాగానే చూపి, కారణాన్ని పక్కన రాయడం ఒక్కటే సరైన మార్గం.

అపోహ: ఖాళీ గడి అంటే సున్నా.

ఒక ఉపకేంద్రం నుంచి ఈ నెల మలేరియా కేసుల నివేదిక రాకపోవడం, కేసులు లేవని నిల్ రిపోర్టు రావడం ఒకటి కావు. పట్టికలో రెండూ సున్నాగా కలిసిపోతే, రిపోర్టు పంపని మండలమే అందరికంటే ఆరోగ్యంగా ఉన్నట్టు ర్యాంకు కొడుతుంది. ప్రతి పట్టికలోనూ ఎన్ని కేంద్రాలు నివేదించాలి, ఎన్ని నివేదించాయి అనే రెండు గడులు తప్పనిసరిగా ఉండాలి. స్థలం చాలకపోతే ఇంకేదైనా తీసేయవచ్చు, ఇవి తీయకూడదు.

అపోహ: పదేళ్ల అంకెలు వరుసగా పేరిస్తే అభివృద్ధి కనిపిస్తుంది.

‘వరంగల్’ అనే పేరునే చూడండి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు, పాత వరంగల్ జిల్లా అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది, కొన్ని మండలాలు సిద్దిపేటకు వెళ్లాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ పేరు తీసుకుంది; నగరంలోని వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు దానిలో చేరాయి. కాబట్టి 2015, 2018, 2022 అంకెలను ‘వరంగల్’ పేరుతో కలిపి గీత గీస్తే, అది మూడు వేర్వేరు ప్రాంతాల గీత. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడూ ఇదే చిక్కు. 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన పోలవరం ముంపు మండలాల వల్ల, 2011 జనాభా లెక్కలను హారంగా వాడేటప్పుడు రెండు రాష్ట్రాల మొత్తాలనూ సవరించుకోవాలి.

దీనికి దగ్గరి దారి లేదు. డేటాను గ్రామ స్థాయిలో, పేరుతో కాకుండా, ప్రతి గ్రామానికీ కేంద్రం కేటాయించిన లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడుతో నిల్వ చేసుకోవాలి. ఏ గ్రామం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందో ప్రత్యేక పట్టిక నిర్వహించాలి. ఎవరికీ కనిపించని ఆ పట్టికే మా వృత్తిలో అత్యంత విలువైన ఆస్తి అని నా నమ్మకం.

అపోహ: డ్యాష్‌బోర్డు (తాజా అంకెలు చూపే తెర) ఎప్పటికప్పుడు మారుతుంటే చాలు.

కింది స్థాయిలో ఆలస్యంగా నమోదులు, దిద్దుబాట్లు జరుగుతూనే ఉంటాయి గనుక, డిసెంబరులో శాసనసభకు ఇచ్చిన అంకె మార్చిలో మళ్లీ తీస్తే రాదు. సమాచార హక్కు చట్టం కింద ఒక పౌరుడు అదే అంకె అడిగి వేరే సంఖ్య అందుకుంటే, అనుమానించడం సహజం. బయటికి వెళ్లిన ప్రతి నివేదికకూ ఆ రోజు నాటి డేటా ప్రతిని, వాడిన క్వెరీని భద్రపరచాలి. ‘ఫలానా తేదీ నాటికి’ అనే మాట లేని అంకె శాఖ దాటకూడదు.

అపోహ: పేర్లు తీసేస్తే గోప్యత కాపాడినట్టే.

గ్రామం, వయసు, కులం వారీగా విడగొట్టిన పట్టికలో ఒక గడిలో ‘1’ అని ఉంటే, ఆ ఊరివారికి ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. అది హెచ్‌ఐవీ పట్టికో, పద్దెనిమిదేళ్ల లోపు గర్భిణుల పట్టికో అయితే ఆ కుటుంబానికి జరిగే హాని మేము ఊహించలేనిది. చిన్న సంఖ్యలను దాచి, ‘5 లోపు’ అని చూపించాలి. అదీ ఒక్క గడితో సరిపోదు: మండల మొత్తం నుంచి మిగతా గ్రామాలను తీసివేస్తే దాచిన అంకె బయటపడుతుంది గనుక, మరో గ్రామం గడిని కూడా దానితోపాటు దాచవలసి ఉంటుంది.