అపోహలు – వాస్తవాలు: నమ్మకం బ్యాడ్జీలో ఉందా, బోనెట్ కింద ఉందా?

టాటా హారియర్, జీప్ కంపాస్, ఎంజీ హెక్టర్ డీజిల్ ఓనర్లు ముగ్గురు ఒకచోట చేరితే ఏ కంపెనీ గొప్పదన్న వాదన ఓ పట్టాన తెమలదు. బోనెట్లు ఎత్తి చూడండి. మూడింట్లోనూ ఉన్నది ఒకటే ఇంజన్, ఫియట్ వాళ్ల 1956 సీసీ మల్టీజెట్. హారియర్‌కీ హెక్టర్‌కీ అది వెళ్లేది పుణె దగ్గరి రంజన్‌గావ్ ఫ్యాక్టరీ నుంచే. గేర్‌బాక్సులు మాత్రం వేరు. హారియర్ ఆటోమేటిక్‌లోది హ్యుందాయ్ నుంచి తెచ్చిన 6 గేర్లది, కంపాస్ డీజిల్ ఆటోమేటిక్‌లోది 9 గేర్లది. కాబట్టి ఒకరి బండికి ఇబ్బంది వచ్చి ఇంకొకరిది హాయిగా తిరుగుతుంటే ముందు గేర్‌బాక్స్, వైరింగు, సస్పెన్షన్, డీలరు పనితనం చూడాలి. ఇంజన్ మీద ఉన్న పేరును తిట్టి లాభం లేదు.

షెడ్డుకొచ్చే ఓనర్లు గట్టిగా నమ్మే మాటలు కొన్ని తీసుకుని, వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: "ఆ కంపెనీ బండి అంటే కళ్లు మూసుకుని కొనొచ్చు"

స్విఫ్ట్ డీజిల్‌తో మారుతికి ఎంత పేరొచ్చిందో అందరికీ తెలుసు. ఆ 1248 సీసీ ఇంజన్ కూడా ఫియట్‌దే. డిజైర్, రిట్జ్, ఎర్టిగా, మొదటి బ్రెజ్జాల్లోనే కాదు, టాటా ఇండికా విస్టాలో, మాంజాలో, ఫియట్ పుంటోలో, షెవర్లే సెయిల్‌లో కూడా ఉన్నది అదే. స్విఫ్ట్‌ను నెత్తిన పెట్టుకున్నవాళ్లే విస్టాను వద్దన్నారు. 1.5 డీసీఐ డీజిల్ ఇంజన్ కథా అంతే. రెనో డస్టర్, నిస్సాన్ టెరానో, సన్నీ, మహీంద్రా వెరిటో అన్నీ దాని మీదే తిరిగాయి. పెనుకొండలో తయారయ్యే కియా సెల్టోస్‌కూ, శ్రీపెరుంబుదూరులో తయారయ్యే హ్యుందాయ్ క్రెటాకూ 1.5 పెట్రోలు, 1.5 డీజిల్ ఇంజన్లు ఉమ్మడివే.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఒకే కంపెనీ, ఒకే బాడీ, లోపల మాత్రం రెండు వేరే బండ్లు. ఫోక్స్‌వ్యాగన్ వెంటోనే తీసుకోండి. 1.6 పెట్రోలు ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉండే పాతకాలపు మొండి గేర్‌బాక్స్ వచ్చింది. 1.2 టీఎస్ఐ పెట్రోలులో, 1.5 డీజిల్ ఆటోమేటిక్‌లో వచ్చింది డీక్యూ200 అనే 7 గేర్ల డీఎస్‌జీ. పాత బండ్ల బజారులో రెండూ "వెంటో ఆటోమేటిక్" పేరుతోనే అమ్ముడవుతాయి, ఖర్చుల లెక్క మాత్రం ఎక్కడా పొంతన కుదరదు.

డీక్యూ200లో రెండు డ్రై క్లచ్‌లు ఉంటాయి. ఒకటి 1-3-5-7 గేర్లను, రెండోది 2-4-6, రివర్సును చూసుకుంటుంది. వీటిని నడిపేది మెకాట్రానిక్ యూనిట్. అందులో ఒక చిన్న పంపు, ఆయిల్ ప్రెషర్‌ను నిల్వ ఉంచే అక్యుములేటర్ ఉంటాయి. ఆ అక్యుములేటర్ కూర్చునే చోట అల్యూమినియం బాడీ చీలితే ఆయిల్ కారి ప్రెషర్ నిలవదు. పంపు ఆగకుండా తిరుగుతుంది, డాష్‌బోర్డు మీద గేరు అక్షరాలు మిణుకుమంటాయి, బండి కదలదు. స్కానర్ పెడితే చాలాసార్లు పి17బీఎఫ్ కోడ్ చూపిస్తుంది. ఈ కోడ్ కనిపించగానే "గేర్‌బాక్స్ మొత్తం పోయింది" అన్న ఎస్టిమేట్ చేతికొస్తే తొందరపడి ఒప్పుకోకండి. గేర్లు, షాఫ్టులు బాగానే ఉండి, మెకాట్రానిక్ ఒక్కటి మార్చడంతోనో బాగుచేయించడంతోనో సరిపోయే కేసులు ఎక్కువ. బేసి గేర్లు మాత్రమే, లేదా సరి గేర్లు మాత్రమే పడుతున్నాయంటే ఆ వైపు క్లచ్‌నూ దాన్ని నొక్కే భాగాన్నీ ముందు చూడమనండి.

అందుకే కొనే ముందు అడగాల్సింది మూడు: ఇంజన్ ఏది, గేర్‌బాక్స్ ఏ రకం, ఏ సంవత్సరం తయారీ. కంపెనీ పేరు నాలుగోది.

అపోహ: "ఇన్నోవాలు లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి కదా, టయోటా ఏది కొన్నా అంతే"

గ్లాంజా అంటే బాలెనో. రూమియన్ అంటే ఎర్టిగా. టైసర్ అంటే ఫ్రాంక్స్. ఇవన్నీ సుజుకీ బండ్లే. ఇన్విక్టో దగ్గరికొస్తే వరస తిరగబడుతుంది: మీద మారుతి పేరు, లోపల ఇన్నోవా హైక్రాస్. ఒకప్పుడు గ్లాంజా తీసుకోవడానికి ఒక మంచి కారణం ఉండేది. టయోటా వారంటీ 3 ఏళ్లు, లక్ష కిలోమీటర్లు. మారుతిది 2 ఏళ్లు, 40,000 కిలోమీటర్లు. 2024 జూలైలో మారుతి కూడా 3 ఏళ్లు, లక్షకు పెంచడంతో ఆ తేడా పోయింది. ఇప్పుడు మీ ఊళ్లో ఏ సర్వీస్ సెంటరు దగ్గర, ఏది బాగా చూస్తుంది అన్నదే లెక్క.

ఇక ఇన్నోవా సంగతి. పాత 2.5 డీజిల్‌లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది, అంటే పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా కలిపి నడిపే బెల్ట్. క్రిస్టా 2.4లో దాని బదులు చైన్. "టయోటా కదా, ఏమీ కాదులే" అని బెల్ట్ గడువు దాటిస్తే, అది తెగిన రోజున పిస్టన్లు వాల్వులను కొడతాయి. బెల్ట్ మార్చాల్సిన సమయానికి డాష్‌బోర్డు మీద టి-బెల్ట్ లైటు వెలుగుతుంది. కొన్ని పాత బండ్లలో బెల్ట్ మార్చకుండా లైటు మాత్రం రీసెట్ చేసి అమ్ముతారు. కాబట్టి లైటు వెలగట్లేదన్న మాట నమ్మకండి, బిల్లు అడగండి. ఏ కంపెనీ బండికైనా బెల్ట్ విప్పినప్పుడే టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్ మార్పించండి. బెల్టే తిప్పే వాటర్ పంపయితే అదీ అప్పుడే మార్చేయాలి. పంపు ఏడాదికి కారడం మొదలైతే మళ్లీ అదే కూలీ కట్టి అంతా విప్పాలి.

ట్యాక్సీ ఇన్నోవాలు అన్ని లక్షలు తిరగడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అవి పొద్దున స్టార్ట్ చేస్తే రాత్రికే ఆగుతాయి. ఇంజన్ వేడెక్కాక నడిచిన కిలోమీటరూ, చల్లటి ఇంజన్ మీద నడిచిన కిలోమీటరూ ఒకటి కాదు. రోజూ 3 కిలోమీటర్లు వెళ్లి పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే బండిలో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. అందులో చేరిన తేమ, ఇంధనం ఆవిరి కావు. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల తెల్లటి మీగడలాంటి పూత కనిపించేది ఇలాంటి బండ్లలోనే. వీటికి ఏడాదిలో 4,000 కిలోమీటర్లే తిరిగినా ఏడాదికి ఆయిల్ మార్చాల్సిందే.

అపోహ: "చైన్ ఇంజన్ అయితే జీవితాంతం చూడక్కర్లేదు"

చైన్ ఆయిల్ మీద బతుకుతుంది. పైన చెప్పిన 1.3 డీజిల్‌లో చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. 10,000కు మార్చాల్సిన ఆయిల్‌ను 18,000 దాకా లాగితే చైన్ సాగుతుంది. మొదటి గుర్తు పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు వినిపించే గొలుసు చప్పుడు. తర్వాత స్కానర్‌లో పి0016 కోడ్, అంటే పిస్టన్లకు కలిసి తిరిగే క్రాంకు, వాల్వులు తెరిచే క్యామ్ ఒకదానితో ఒకటి లెక్క తప్పాయని. ఈ దశలో చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు కలిపి కిట్‌గా మార్చేస్తే బయటపడతారు. ఒక్క చైనే మారిస్తే అరిగిన పళ్లు కొత్త చైన్‌ను కూడా తినేస్తాయి. ఆ చప్పుడుతోనే నడిపితే చైన్ ఒక పన్ను దాటుతుంది, రాకర్లు విరుగుతాయి. అదృష్టం బాగుంటే అక్కడితో ఆగుతుంది.

అపోహ: "డీజిల్ బండి మొండిది, ఎలా వాడినా తట్టుకుంటుంది"

బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్‌కు ముందు వరకు ఈ మాట చాలావరకు నిజం. ఇప్పటి డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది మసిని పట్టి ఉంచుకుని, వీలు చిక్కినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా నడవాలి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నత్తనడకన వెళ్లే బండికి ఆ అవకాశమే రాదు. దీన్ని ఓనర్లు కంపెనీ లోపం అంటారు. నిజానికి ఆ వాడకానికి ఆ బండి సరిపడదు, ఏ కంపెనీ అయినా ఇదే జరుగుతుంది.

మసి కాలుతున్నప్పుడు ఐడిలింగ్ కొంచెం పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది, ఇంజన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. అప్పుడు మధ్యలో ఆపకండి. డీపీఎఫ్ లైటు వెలిగితే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 60 దాటిన వేగంతో, 2,000 ఆర్పీఎం తగ్గకుండా 15–20 నిమిషాలు నడపండి. సాధారణంగా లైటు ఆరిపోతుంది. లెక్కచేయకుండా తిరిగితే బండి పికప్ తగ్గించేసుకుంటుంది, ఆపై స్కానర్‌తోనే కాల్పించాలి.

ఇంకో విషయం, డిప్‌స్టిక్ చూడటం మానకండి. మసి కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్ కొంత కారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ తగ్గకుండా పైగీత దాటి పెరిగిందంటే సంతోషించకండి, పల్చబడిందని అర్థం. వెంటనే మార్పించండి. మార్చేటప్పుడు బూడిద తక్కువుండే ఆయిల్, అంటే మాన్యువల్లో చెప్పిన సీ2 లేదా సీ3 గ్రేడే పోయించాలి. మసి కాలుతుంది గానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది.

అపోహ: "రీకాల్ వచ్చిందంటే ఆ కంపెనీ బండి నాసిరకం"

మన దగ్గర కంపెనీలు స్వచ్ఛందంగా రీకాల్ చేసే పద్ధతి 2012లో మొదలైంది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి ఎక్కింది. 2021 సెప్టెంబరులో మారుతి ఒక్కసారే 1,81,754 పెట్రోలు బండ్లను మోటార్ జనరేటర్ యూనిట్ పరీక్ష కోసం పిలిచింది. తప్పు దొరికితే పిలిచి ఉచితంగా మార్చిపెట్టే కంపెనీ కన్నా, గుట్టుగా ఉండే కంపెనీతోనే ఎక్కువ భయం. మీ పని ఒకటే. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరును కంపెనీ సైటులో కొట్టి చూడటం. సెకండ్ హ్యాండ్ బండికి ఇది తప్పనిసరి. నోటీసులు పాత ఓనరుకే వెళ్లి ఉంటాయి.

అపోహ: "ఫైవ్ స్టార్ బండి, గట్టిగా ఉంటుంది, రిపేర్లు రావు"

క్రాష్ టెస్టులో ఇచ్చే ఆ స్టార్లు గుద్దినప్పుడు లోపలివాళ్లకు ఏమవుతుందో చెబుతాయి. సస్పెన్షన్‌లోని లింకు రాడ్ ఎన్నాళ్లకు మోగుతుందో చెప్పవు. రెండూ వేరు, రెండూ చూసుకోవాలి.

అపోహ: "సర్వేలో మొదటి ర్యాంకు, ఇంక అనుమానమేముంది"

జేడీ పవర్ లాంటి సర్వేలు లెక్కపెట్టేది ప్రతి వంద బండ్లకు ఓనర్లు చెప్పిన సమస్యలు. అందులో బ్లూటూత్ కలవకపోవడం ఒక సమస్య, గేర్‌బాక్స్ పోవడం కూడా ఒక సమస్యే. పెద్ద స్క్రీన్ పెట్టిన బండి ర్యాంకు పడిపోవడానికి అది చాలు. ర్యాంకు కాదు, ఏ విభాగంలో ఎన్ని ఫిర్యాదులో చూడండి.

అపోహ: "కంపెనీ దేశం విడిచిపోయింది, బండి ఇక ఇనుప సామానే"

షెవర్లే 2017తో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అయినా ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ సెట్, సస్పెన్షన్ బుష్‌లకు ఇబ్బంది లేదు, వీటిని చేసేది విడిభాగాల కంపెనీలే. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగి చూడండి. సెయిల్ 1.3 డీజిల్, పుంటోల ఇంజన్ లోపలి సామాను చాలావరకు స్విఫ్ట్‌దే సరిపోతుంది, పార్టు నంబరు పోల్చుకుని తీసుకోండి. చిక్కంతా హెడ్‌లైట్లు, బంపర్లు, డోర్లు, అద్దాలు, కంప్యూటర్ బాక్సుల దగ్గర. కాబట్టి ఇలాంటి బండి చవగ్గా దొరికినప్పుడు ఇంజన్ కన్నా ముందు బాడీని చూడండి. ఒక్క హెడ్‌లైటు పగిలి ఉన్నా, అది దొరికే ధర తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.

అపోహ: "బయట ఒక్కసారి సర్వీసు చేయిస్తే వారంటీ పోయినట్టే"

2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్‌లకు విడిభాగాలు, స్కానర్ సమాచారం అందకుండా చేస్తున్నారన్నది ఆ కేసు. దాని మీద అప్పీళ్లు నడిచాయి. కోర్టుల సంగతి అలా ఉంచి, వారంటీ ఉన్నన్నాళ్లు సర్వీసులు షోరూంలోనే చేయించి బిల్లులు దాచుకోవడం తెలివైన పని. వారంటీకి అసలు గండి కొట్టేది ఆయిల్ మార్పు కన్నా వైర్లు కోసి పెట్టిన హారన్లు, లైట్లు, కెమెరాలు. వేయించాల్సి వస్తే వైరు కోయని కప్లర్‌ది అడగండి. షోరూంలో మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: ఇంజన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ శానిటైజేషన్ లాంటివి జాబ్ కార్డులో కనిపిస్తే, మాన్యువల్ షెడ్యూల్లో ఎక్కడున్నాయో చూపించమనండి. లేనివి కొట్టేయమనే హక్కు మీది.

అపోహ: "పాత కస్టమరుకు లాయల్టీ బోనస్ ఇస్తారు, అదే కంపెనీలో ఉంటే లాభం"

బోనస్ 20,000 ఇచ్చి, పాత బండి ధరలో 40,000 తగ్గిస్తే లాభం ఎవరికి? కొటేషన్‌లో పాత బండి ధర, ఎక్స్ఛేంజ్ బోనస్, లాయల్టీ బోనస్ మూడూ వేర్వేరు గీతల్లో రాయించుకోండి. పాత బండికి బయట ఇంకో ఇద్దరి దగ్గర ధర అడిగి మొదటి గీతతో పోల్చండి. బీమాలో నో క్లెయిమ్ బోనస్ పోతుందని భయపెడితే నమ్మకండి. 50 శాతం దాకా ఉండే ఆ తగ్గింపు ఓనరుది, బండిది కాదు, మీరు వేరే కంపెనీ కారు కొన్నా మీ వెంటే వస్తుంది. పాత బండి పేరు మారాక బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిజర్వింగ్ లెటర్ తీసుకుంటే మూడేళ్ల వరకు చెల్లుతుంది.