ఆ శనివారం సాయంత్రాలు ఏమయ్యాయి?

2024 ఏప్రిల్ 5న శాంతిస్వరూప్ కన్నుమూశారన్న వార్త వచ్చినప్పుడు, నలభై దాటిన తెలుగువాళ్లలో చాలామందికి సొంత మనిషి పోయినట్టే అనిపించింది. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలైన నాటి నుంచీ ఆయన మన ఇంట్లో మనిషే. ప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలు ముందే బట్టీపట్టి, కెమెరా వంక సూటిగా చూస్తూ చెప్పేవారు. ఆ రోజంతా ఒకరికొకరం ఆయన పాత ఫొటోలు పంపుకున్నాం. ఒకసారి ఆ గొంతు వినాలనిపించి పాత వార్తల కోసం వెతికాను. ఎనభైల నాటివి దొరికింది ముక్కలు ముక్కలే. ఏళ్ల తరబడి సాయంత్రం అయ్యేసరికి మన ఎదురుగా కూర్చున్న మనిషి గుర్తుగా మిగిలింది నాలుగు నిమిషాల వీడియోలేనా అని చాలా బాధేసింది.

ఇలా ఎందుకైందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. సినిమా గానీ టీవీ గానీ మన చేతిలో లేని కాలం అది. ఎవరో వేస్తేనే చూడాలి, వేసినప్పుడే చూడాలి. అయిపోతే అయిపోయినట్టే.

పల్లెటూళ్లకు ఆ సినిమా వేసేది టూరింగ్ టాకీసు. ఊరి చివర ఖాళీ జాగాలో డేరా వేసేవాళ్లు. లైసెన్సు గడువు తీరితే డేరా ఎత్తేసి ఇంకో ఊరు చూసుకోవాలి. గుడ్డ డేరాలో పగలు చీకటి ఎక్కడిది? అందుకే మొదటి ఆట, రెండో ఆట అని రాత్రిపూట మాత్రమే ఆడేవి. ముందు నేల, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. సాయంత్రం మైకులో ఘంటసాల గొంతులో వేంకటేశ్వరుడి పాట వినపడితే ఊళ్లో వంటలు గబగబా తెమిలేవి. టికెట్లు ఇస్తున్నారనడానికి అదే గుర్తు. గడియారం లేని ఇంట్లో కూడా ఆ పాట టైము చెప్పేది.

ఇక్కడ ప్రొజెక్టర్ సంగతి చెప్పాలి. 35 ఎం.ఎం. ఫిల్ము 1,000 అడుగుల రీలు తెర మీద 11 నిమిషాలు ఆడుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13 వేల అడుగుల పైమాట. టౌన్లో హాళ్లకు రెండు ప్రొజెక్టర్లుండేవి. ఒకదాంట్లో రీలు అయిపోతుండగానే రెండోది అందుకునేది. డేరాలో చాలాసార్లు ఒక్కటే ఉండేది. కొన్ని రీళ్లు కలిపి చుట్టి ఎక్కించినా, అవి అయిపోతే మార్చడానికి ఆట ఆపాల్సిందే. అందుకే అక్కడ ఒక ఇంటర్వెల్ కాదు, మూడు నాలుగు. ఆగినప్పుడల్లా లైట్లు వెలిగేవి, బఠాణీలవాడు, సోడాలవాడు లోపలికొచ్చేవాళ్లు. పాటల పుస్తకాలూ అమ్మేవాళ్లు. అందులో కథ సగం రాసి, మిగతాది వెండితెర మీద చూడండి అని ఆపేసేవాళ్లు. ఆ పుస్తకాలు దాచుకున్నవాళ్లకు సినిమా తాలూకు చేతికందే వస్తువు అదొక్కటే.

ప్రింటు మన ఊరికి వచ్చేసరికి దానికీ వయసు మీద పడేది. కోస్తాలో అయితే విజయవాడ గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నుంచి పెట్టెలు బయల్దేరేవి. ముందు ‘ఏ’ సెంటర్లనే పెద్ద ఊళ్లకు, తర్వాత ‘బి’ సెంటర్లనే చిన్న టౌన్లకు, ఆ తర్వాత ‘సి’ సెంటర్లకు. పల్లె డేరాకు చేరేసరికి ఏడాదో రెండేళ్లో గడిచేవి. అప్పటికి తెర మీద వాన కురుస్తున్నట్టు గీతలు. తెగిన చోట అతికించి అతికించి, ఒక పాటలో చరణమే ఎగిరిపోయేది. మేం ఆ సినిమాను అలాగే ప్రేమించాం. చరణం పోయిందని కూడా తెలీదు. చాలా ఏళ్లకు టీవీలో చూసినప్పుడు, ఇక్కడ ఇంకో నాలుగు లైన్లున్నాయా అని ఆశ్చర్యపోయాం.

ఆడి ఆడి అరిగిన ప్రింట్ల గతి మరీ ఘోరం. ఫిల్ములో వెండి ఉంటుంది కాబట్టి, ఆ వెండి కోసం అమ్మేసేవాళ్లు. సినిమాలు భద్రపరచాలని పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అప్పటికే ఆలస్యమైపోయింది. 1932 నాటి మన తొలి తెలుగు టాకీ ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. దాచుకోవడం అన్న ఆలోచన మనకు మొదటి నుంచీ తక్కువే. టీవీ వచ్చాక జరిగినదానికీ మూలం ఇక్కడే ఉంది.

వినాయక చవితికో, తీర్థానికో వీధిలో తెర కట్టి 16 ఎం.ఎం. ప్రొజెక్టర్‌తో సినిమా వేసే అలవాటు కూడా ఉండేది. ముందువైపు జాగా దొరకనివాళ్లు తెర వెనక్కి పోయి కూర్చునేవాళ్లు. వెనక నుంచి బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. హీరో ఎడమచేత్తో కత్తి తిప్పుతాడు, పేర్లు తలకిందులు కాకపోయినా కుడి నుంచి ఎడమకు పడతాయి. ఒకే సినిమాను ఊరు సగం ఇటు నుంచి, సగం అటు నుంచి చూసేది.

చూడ్డానికి వీల్లేనివాళ్లకు రేడియో ఉండేది. ఆకాశవాణి సంక్షిప్త శబ్దచిత్రం అని మొత్తం సినిమా సౌండ్‌ను కుదించి వినిపించేది. తర్వాత మాటల రికార్డులు, ఆ పైన స్టోరీ, డైలాగుల క్యాసెట్లు వచ్చాయి. పెళ్లిళ్లలో మైక్‌సెట్టువాళ్లు పౌరాణికాల డైలాగులు పెడితే, భోజనాల బంతిలో పద్యం అందుకునే పెద్దలు ఉండేవాళ్లు. సినిమా చూడకుండానే డైలాగులన్నీ నోటికొచ్చిన తరం అది.

ఇక టీవీ. చాలామంది గుర్తుపెట్టుకోని సంగతి ఒకటుంది: హైదరాబాద్ నగరం కంటే ముందు తెలుగు పల్లెలు టీవీ చూశాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఇస్రో, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని సైట్ అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలు, అందులో మన రాష్ట్రమూ ఉంది. టీవీ సెట్లు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. కోళ్ల గూళ్లకు వాడే లాంటి వలతో పది అడుగుల గొడుగు లాంటి యాంటెన్నా కట్టి, స్కూలు దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో నిలబెట్టారు. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది ఆ తర్వాత, 1977 అక్టోబర్ 23న.

1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌కు రంగులొచ్చాయి. 1983లో ఇన్సాట్-1బి పైకెళ్లాక, 1984లో ఒక దశలో రోజుకో ట్రాన్స్‌మిటర్ చొప్పున దేశమంతా పెట్టుకుంటూ పోయారు. మా ఊరికి టీవీ వచ్చిందని సంబరపడ్డవాళ్లకు కొద్దిరోజుల్లోనే ఒక సంగతి అర్థమైంది. ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లలో ఎక్కువ భాగం ఢిల్లీ కార్యక్రమాలనే రిలే చేసేవి. తెలుగు ఊళ్లో, తెలుగు ఇంట్లో టీవీ పెడితే వచ్చేది హిందీ. తెలుగు కావాలంటే హైదరాబాద్ సిగ్నల్ అందాలి. అది అందాలంటే పొడుగాటి పైపు, పెద్ద యాంటెన్నా, దానికి బూస్టర్. మన భాషలో టీవీ అనేది అప్పట్లో డాబా ఎక్కి సంపాదించుకున్న వస్తువు. ఆ రోజుల మీద మనకింత మమకారం ఉండడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

మాది హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల లోపు ఊరు. మా గల్లీలో టీవీ ఉన్నది ఒక్క పెద్దమ్మ ఇంట్లో. నిజంగా చుట్టం కాదు, అందరం పెద్దమ్మ అనేవాళ్లం. బ్లాక్ అండ్ వైట్ సెట్టు, ముందు చెక్క షట్టర్లు, దానికి తాళం. శనివారం సాయంత్రం తెలుగు సినిమా అంటే నాలుగింటికే చాపలు పట్టుకుని వెళ్లేవాళ్లం. పెద్దమ్మ కొడుకును అన్న అనేవాళ్లం. అతను డాబా మీద, నేను మెట్ల మీద, లోపల మా అక్క టీవీ ముందు.

“వచ్చిందా?”

“రాలే, చుక్కలే ఉన్నయి. ఇంకొంచెం తిప్పు!”

“ఇప్పుడు?”

“ఆఁ, ఆడనే ఉంచు! బొమ్మ వచ్చింది గానీ మాట వస్తలేదన్నా!”

ఈ కబుర్లు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి మెట్ల మీదున్న నేను మోయాలి. పైపు వదిలేస్తే గాలికి మళ్లీ తిరుగుతుందని, ఆ అన్నే ఒక తాడు కట్టి, దాన్ని పిట్టగోడ ఇటుకకు బిగించేవాడు. ఇంతా అయ్యాక సరిగ్గా క్లైమాక్స్‌కు ముందు బొమ్మ పోయేది. లోపం టీవీదా, స్టేషన్‌దా, యాంటెన్నాదా అన్న టెన్షన్‌తో అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. తెర మీద ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అన్న అట్ట వస్తే లోపం మనది కాదని నిమ్మళం. అన్న డాబా ఎక్కక్కర్లేదు.

వేసేవి ఎక్కువగా పాత సినిమాలే. థియేటర్లో ఆడుతున్నదాన్ని టీవీకి ఇవ్వడానికి ఏ నిర్మాతా ఒప్పుకోడు. మా అమ్మ పెళ్లికి ముందు చూసిన సినిమాలను నేను మొదటిసారి అలా చూశాను. సినిమా సగంలో ఆపి ఏడింటికి తెలుగు వార్తలు వచ్చేవి. లేస్తే జాగా పోతుందని ఎవరం లేవం. పంజాబ్ గొడవలైనా, తుపానైనా, క్రికెట్ స్కోరైనా గల్లీ మొత్తం శాంతిస్వరూప్ నోటి నుంచే విన్నది అలాగే. శుక్రవారం చిత్రలహరి పాటలకూ అంతే జనం. రాత్రి ఢిల్లీ కార్యక్రమాలు మొదలవగానే, హిందీ వచ్చింది పదండి అని చాపలు చుట్టేసేవాళ్లం. 1987 జనవరిలో రామాయణం సీరియల్ వచ్చినప్పుడు మాత్రం ఆదివారం పొద్దున హిందీ అని ఎవరూ లేవలేదు.

ఈలోపే ఇంకో పెట్టె ఇళ్లలోకి వస్తోంది. కరీంనగర్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు తిరిగొస్తూ వీసీఆర్లు తెచ్చారు. కొనలేనివాళ్లకు అద్దె ఉంది. మనవాళ్లు దాన్ని డెక్కు అనేవాళ్లు. కలర్ టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు రిక్షాలో తెచ్చి తెల్లారేదాకా చూసి, పొద్దున్నే అప్పజెప్పేవాళ్లు. కొత్త సినిమాల దొంగ క్యాసెట్లు ఎంత పెరిగాయంటే, 1984లో కాపీరైట్ చట్టాన్నే సవరించి శిక్షలు పెంచాల్సి వచ్చింది. తర్వాత వీధివీధికీ కేబుల్ వచ్చింది, రాత్రిపూట కేబుల్ అతను సొంతంగా వేసే సినిమా వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. శనివారం కోసం ఎదురుచూసే అవసరం అక్కడితో తీరిపోయింది.

అప్పుడు ప్రసారమైనవాటిలో అంత తక్కువ మిగలడానికి కారణాలు కష్టమైనవేమీ కావు. వార్తలు లైవ్. చదవడం అయిపోతే అయిపోయినట్టే, రికార్డు చేసే ఏర్పాటు రోజూ ఉండేది కాదు. రికార్డు చేసిన నాటకాలు, పాటల కార్యక్రమాలైనా, టేపు ఖరీదైన సరుకు కాబట్టి ప్రసారమయ్యాక అదే టేపు మీద కొత్తది ఎక్కించడం మామూలు. ఇది మన దగ్గరే జరిగిన తప్పు కూడా కాదు, బీబీసీ సైతం అరవైల్లో, డెబ్బైల్లో తన కార్యక్రమాలు ఎన్నో చెరిపేసుకుంది. అయినా నాకు ఇది సర్దిచెప్పుకునే విషయంలా కనిపించదు. ఆ స్టూడియోలో పాడిన హరికథలు, చెప్పిన బుర్రకథలు, పల్లె నుంచి వచ్చి మాట్లాడిన రైతులు మళ్లీ దొరకరు. ప్రసార భారతి తన ఆర్కైవ్స్ నుంచి పాతవి కొన్ని జనానికి అందుబాటులో పెడుతోంది. తెలుగువి, ముఖ్యంగా ఎనభైల నాటివి, ఉన్నంతవరకు పూర్తి జాబితాతో సహా బయటికి రావాలి. జాబితా ఉంటే కనీసం ఏది పోయిందో తెలుస్తుంది. టేపుకు వయసుంటుంది, వాటిని నడిపే మెషిన్లూ, ఆ మెషిన్లు తెలిసిన మనుషులూ తగ్గిపోతున్నారు.

విచిత్రం ఏంటంటే, అప్పటి టీవీ కార్యక్రమాల్లో మనకిప్పుడు కనిపిస్తున్న ముక్కలు చాలా వరకు ఇంట్లో వీసీఆర్ పెట్టుకున్నవాళ్లు రికార్డు చేసుకున్నవే. మధ్యలో చుక్కలు, బొమ్మ ఊగడం చూస్తే తెలిసిపోతుంది. సబ్బు ప్రకటనతో సహా ఉంటాయి.

మా ఇంట్లో కూడా ఒకటి దొరికింది. బీరువా పైన, చీరల అట్టపెట్టెలో, ‘అక్క పెళ్లి’ అని మా నాన్న చేతిరాతతో ఉన్న క్యాసెట్. టేపు అంచుల మీద తెల్లటి బూజు. కోఠీలో ఒక షాపతను మూత విప్పి, బూజు తుడిచి, మూడు రోజులకు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. పెళ్లి రెండు గంటలు. అప్పగింతలు అయ్యాయి, కారు కదిలింది, తెర నల్లబడింది. తీసేద్దామనుకుంటుండగా చుక్కలు వచ్చాయి. దుబాయ్ నుంచి వచ్చిన బావ డెక్కు మా ఇంట్లో ఉంచిన నెల రోజుల్లో, మిగిలిన టేపు మీద మా నాన్న శనివారం సినిమా ఎక్కించాడన్నమాట. ఒక పాట సగం నుంచి ఉంది. ఆ తర్వాత సీను, అది మధ్యలో ఆగింది, వార్తలు. నల్లటి జుట్టుతో శాంతిస్వరూప్, నమస్కారం.

అన్నం తింటున్నవాళ్లం అందరం ఆగిపోయాం. మా చెల్లి కూతురు ప్లేటు పెట్టి రావడానికి లేవబోయింది.

“కూసో బిడ్డా,” అంది అమ్మ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. “వార్తలు కాంగనే సిన్మ మళ్ల వస్తది.”

వార్తలు అయిపోకముందే టేపు అయిపోయింది.